పురుగు కనపడక ముందే

మా ఉత్తర మలావీలో మొక్కజొన్న కోతలయ్యాక ప్రతి ఇంటి ముందూ ఇదే పని. తియోంగే ముక్కుకు గుడ్డ కట్టుకొని, వలిచిన గింజలకు పురుగుల మందు పొడి కలిపి బస్తాలకు ఎత్తుతోంది. ఆమె ఏడు నెలల కొడుకు లుంబాని నానమ్మ వీపు మీద నిద్రపోతున్నాడు. చూసినవాళ్లకు ఏ లోటూ లేని ఇల్లు. కానీ తియోంగే గుడ్డసంచి అడుగున ఒక మాత్రల సీసా ఉంది. గలగలమనకుండా అందులో దూది కుక్కింది. వారం రోజులుగా మూత తీయలేదు.

ఆసుపత్రి నుంచి న్యాగోండ్వే వచ్చింది. పద్నాలుగేళ్లుగా అవే మాత్రలు వేసుకుంటూ, కొత్తవాళ్లకు ధైర్యం చెప్పే మనిషి.

"కోడలితో కాసేపు మాట్లాడనిస్తావా వదినా?"

"మాట్లాడుకో. పని ఎగ్గొట్టడానికి దానికీ ఓ వంక కావాలి," అని అత్త పిల్లాడితో లోపలికి వెళ్లింది.

తియోంగే గొంతు తగ్గించింది. "నాకేం అర్థం కావట్లేదక్కా. కానుపుకు ముందు పరీక్షలో ఏమీ లేదన్నారు. మూడు నెలల కింద జ్వరం, గొంతునొప్పి, ఒళ్లంతా దద్దుర్లు. మలేరియా కాదని పంపేశారు, అదే తగ్గింది. ఇప్పుడు శుభ్రంగా నీళ్లు మోస్తుంటే హెచ్ఐవీ అంటున్నారు. బాబు రక్తంలో లేదట. మరి ఎవరి రక్తం అబద్ధం చెప్తోంది?"

"ఎవరిదీ కాదు. అది ఒంట్లోకి వచ్చినప్పటి జ్వరమే అయ్యుంటుంది. తర్వాత ఏళ్ల తరబడి చప్పుడు చేయదు, లోపల బలాన్ని మాత్రం తింటూనే ఉంటుంది. చివరికి క్షయ పట్టినా తట్టుకోలేవు. బాబు పరీక్ష బాబుదే, నీది కాదు. వాడింకా నీ పాలు తాగుతున్నాడు."

"పాలు మాన్పించెయ్యనా?"

"వద్దు. నువ్వు మాత్ర మానకు. వాడికి సోకకుండా ఆసుపత్రిలో ఇచ్చిన మందు వాడికి పట్టు, మళ్లీ పరీక్షకు తీసుకురా."

"ఏ నొప్పీ లేనప్పుడు బతికినన్నాళ్లూ మందేంటక్కా?"

న్యాగోండ్వే మందు కలపని కుప్పలోంచి గుప్పెడు గింజలు తీసింది. "ఇందులో పురుగేదీ?"

"లేదు."

"మరి పొడెందుకు కలుపుతున్నావ్?"

"కనపడేదాకా ఆగితే పిండే మిగులుతుంది..." అంటూనే తియోంగే ఆగిపోయింది.

చేతులు రెండుసార్లు కడుక్కొంది. సీసాలోని దూది లాగేసింది. సగం ఇంకా అర్థం కాలేదు. భర్తకు ఎలా చెప్పాలో అసలే తెలియదు. అయినా మాత్ర మింగింది.

"ఏంటే ఆ గలగల?" లోపలి నుంచి అత్త అడిగింది.

"నా మందు అత్తా. వచ్చి చెప్తా."

అమ్మలారా, అన్నీ అర్థం కావడానికి నెలలు పట్టినా పట్టవచ్చు. అంతవరకు మందు ఆపకండి. ఒంట్లో బాగున్నప్పుడు వేసుకున్న మాత్రే రేపు మనల్నీ, మన పాలు తాగే బిడ్డల్నీ కాపాడుతుంది.