దాసు గారి పొడుగు మాటలు

నేను ఒక అక్షరాల పెట్టెను. మూత తీస్తే అటు పదిహేను, ఇటు పదిహేను గడులున్న మడత అట్ట, గుడ్డసంచి నిండా ఇంగ్లీషు అక్షరాల బిళ్ళలు. మద్రాసులో ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. ఒక రైల్వే ఆఫీసరు తన పిల్లలకు ఇంగ్లీషు పట్టుబడుతుందని నన్ను కొన్నాడు. పిల్లలు నా బిళ్ళలతో గోడలూ గుళ్ళూ కట్టి ఆడుకున్నారు. బదిలీ అయినప్పుడు ఆయన నన్ను రైల్వే ఉద్యోగులు సాయంత్రాలు ఆడుకునే గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌కు దానం చేసి చేతులు దులుపుకున్నాడు.

అక్కడే ప్రభుదాసు గారి చేతుల్లో పడ్డాను.

ఆయన టెలిగ్రాఫ్ గుమాస్తా. ఎదుటివాళ్ళ కబుర్లు కత్తిరించి నాలుగు ముక్కల్లో తంతి కొట్టడం పగలు ఆయన పని. ఆ కరువంతా సాయంత్రం నా దగ్గర తీర్చుకునేవారు. పొడుగు మాటలంటే ఆయనకు పిచ్చి.

“ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్!” అని ఒక్క గుక్కలో పలికి, “ఇరవై తొమ్మిదక్షరాలు. దేన్నైనా సరే, ఇదెందుకూ పనికిరాదని తీసిపారేయడం. అదీ అర్థం” అనేవారు. తీసిపారేయడానికి అంత శ్రమ దేనికని ఎవరూ అడిగేవారు కాదు. సెస్క్విపిడేలియన్ అంటే అడుగున్నర పొడవున్న మాట, అలాంటి మాటలు వాడే మనిషి కూడానని చెప్పి, తనలో తాను ముసిముసిగా నవ్వుకునేవారు.

ఆయన జోడీ ఖాదర్ వలీ, గూడ్సు గార్డు. నా ఆటలో చేతికి వచ్చేవి ఏడు బిళ్ళలే. పొడుగు మాట కోసం కాచుకున్నవాడు వెనకబడతాడు, చిన్న మాటలతో దొరికిన చోటల్లా దూరినవాడు గెలుస్తాడు. వలీ అలాగే గెలిచేవాడు. దాసు గారు ఓడిపోతూనే ఆనందించేవారు.

ఒకరోజు అట్ట మీద ‘ఇంటరెస్ట్’ అనే మాట పడి ఉంది. దాసు గారి చేతిలోని ఏడు బిళ్ళలూ దానికి ముందూ వెనకా చేరిస్తే ‘అనింటరెస్టింగ్లీ’. అంటే విసుగు పుట్టించేలా. సరిగ్గా పదిహేను అక్షరాలు, వరుస మొత్తం నిండిపోతుంది. జీవితమంతా ఆయన కోరుకున్నది అదే. బిళ్ళలను వరుసగా పేర్చుకుని తన వంతు కోసం కాచుకున్నారు. అంతలో వలీ తన వంతు ఆడాడు. ఒక అక్షరం ఆ వరుస మొదటి గడిలో పడేలా నిలువుగా ‘జో’ అని పెట్టాడు. దాసు గారి పదిహేను అక్షరాలకు ఇక చోటు లేదు.

“జో అంటే ఏంది?” దాసు గారి గొంతు మారిపోయింది.

“టిబెట్‌లో ఆవుకూ జడలబర్రెకూ పుట్టే సంకరం అన్నా. నువ్వు చెప్పిందే గదా.”

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. “గూడ్సు బండి తోకలో కూచుండేవానికి ఇంతకంటే పెద్ద మాటలు యాడొస్తాయిలే!” అన్నారు దాసు గారు. నవ్వులు ఆగిపోయాయి. వలీ తన బిళ్ళలు సంచిలో వేసి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళపాటు ఇద్దరికీ మాటల్లేవు. ఇన్ని మాటలు తెలిసిన మనిషికి ‘తప్పయింది’ అన్న ఒక్క మాట నోట రాలేదు. నేను అలమరలో దుమ్ము పట్టిపోయాను.

రిటైరైన మరుసటి సంవత్సరం దాసు గారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, నోటి మాట పోయింది. ఆ సంగతి తెలిసిన రోజే వలీ నన్ను చంకలో పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాడు.

దాసు గారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. ఆయన భార్య సువార్తమ్మకు, ఆమె అన్న యాకోబుకు అక్కడే మాటలు నడుస్తున్నాయి.

“ఎన్నాళ్ళు చేస్తావమ్మా చాకిరీ? కర్నూల్లో ముసలోళ్ళ ఆశ్రమం ఉండాది. ఆడ చేర్పిద్దాం. బావకేం తెలుస్తాది, యాడున్నా ఒకటే!”

“ఏమోన్నా. ఒక్కోసారి తెలుస్తాదేమో అనిపిస్తాది.”

“అట్ల అనిపిస్తాదంతే.”

వలీ ఎవరినీ పలకరించకుండా స్టూలు లాగి దాసు గారి ముందు నన్ను పరిచాడు. ఆయన కళ్ళు కిటికీ మీద నుంచి కదలలేదు. వలీ ఒక్కడే ఇద్దరి చేతులూ ఆడసాగాడు. ‘నమ్ము’ అని అర్థం వచ్చే ‘బిలీవ్’ పెట్టాడు. పెట్టడంలో ‘ఐ’ అక్షరం ముందుండాల్సిన చోట ‘ఈ’ అక్షరం ముందు పెట్టాడు. కావాలని పెట్టాడో, నిజంగానే రాదో, నాకు ఇప్పటికీ తెలియదు.

చాలాసేపటికి దాసు గారి తల ఇటు తిరిగింది. కనుబొమలు ముడిపడ్డాయి. ఎడమ చెయ్యి నెమ్మదిగా లేచి, తడబడుతూ వచ్చి, ఆ రెండు బిళ్ళలనూ తారుమారు చేసింది. ఒకటి కింద పడింది. వలీ తీసిచ్చాడు. ఆయన దాన్ని మళ్ళీ సరిగ్గా గడిలో పెట్టారు.

“వదినా!” అని అరిచాడు వలీ. “వదినా, ఇట్ల రాండి!”

సువార్తమ్మ వచ్చి నిలబడింది. ఆమె బడిలో ఇంగ్లీషు చదువుకున్న మనిషే. భర్త ముందు మోకాళ్ళ మీద కూర్చుని, “నేను మాట్లాడేది నీకు తెలుస్తాందా?” అని అడిగింది.

ఆయన సంచిలో చెయ్యి పెట్టారు. ఒక్కొక్క బిళ్ళే తీసి, అవసరం లేనివి పక్కకు నెట్టి, చాలాసేపు వెతికి, రెండు మాటలు పేర్చారు. అర్థం: ‘అంతా విన్నాను.’

యాకోబు కండువాతో మొహం తుడుచుకుని వాకిట్లోకి వెళ్ళిపోయాడు. సువార్తమ్మ భర్త ఎడమ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. వలీ అట్ట వైపే చూస్తూ, “నామీద కోపమింకా పోలేదేమో దాసన్నకు” అన్నాడు. దాసు గారు కోపం లేదన్నట్టు తల అడ్డంగా ఊపారు. ఒకసారి కాదు, చాలాసార్లు.

నన్ను తిరిగిమ్మని ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు అడగలేదు. నా బిళ్ళల అంచులు అరిగిపోయాయి. ఉప్పు ఎక్కువైందనీ, ఫ్యాను తగ్గించమనీ, పక్కింటి పిల్లకు పెళ్ళి కుదిరిందా అనీ దాసు గారు ఇప్పుడు నా ద్వారానే చెబుతారు, అడుగుతారు. పొడుగు మాట పేర్చే ఓపిక ఆయనకు లేదు.

ఆశ్రమం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వలీ నన్ను తెచ్చిన ఆ మరుసటి ఆదివారం చర్చిలో ఆరాధన ముగిశాక యాకోబు వచ్చాడు. చెల్లెలితో మాటలు పెట్టుకోకుండా, కుర్చీ జరుపుకుని దాసు గారికి ఎదురుగా కూర్చున్నాడు. “బావా, ఎట్లుండావు?” అని అడిగాడు. దాసు గారి ఎడమ చెయ్యి సంచిలో బిళ్ళలు వెతుకుతోంది. యాకోబు జేబులో ఫోన్ మోగింది. అతను దాన్ని తీయలేదు. మొదటి అక్షరం ఏదొస్తుందా అని ముందుకు వంగి చూస్తున్నాడు.