ఉండా టీచర్

ఆ ఏడాదంతా మునీశ్వరి టీచరు ఒక్క గొంతు కోసం ఎదురుచూసింది. అదేమీ దూరాన ఉన్నవాళ్ళది కాదు. రోజూ ముందు వరసలో, కళ్ళెదురుగా కూర్చునే ఐదో తరగతి పిల్ల భవ్యది. లెక్కలు చకచకా చేసేది, ముత్యాల్లాంటి అక్షరాలతో పుస్తకం నింపి తెచ్చి బల్ల మీద పెట్టేది. మాట మాత్రం లేదు. హాజరులో పేరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. ఆ ఎత్తిన చెయ్యి చూసినప్పుడల్లా టీచరుకు ప్రాణం ఉసూరుమనేది.

సోమల దగ్గరి పల్లెలో ఇద్దరు టీచర్ల బడి అది. హెడ్మాస్టరు జయరత్నం సారు చిన్న తరగతులు చూసుకుంటే, నాలుగూ ఐదూ మునీశ్వరివి. పుంగనూరులో గది తీసుకుని రోజూ బస్సులో వచ్చిపోయేది.

నిజానికి భవ్య పుట్టు వసపిట్ట. టీచరు బస్సు దిగడం ఆలస్యం, ఎదురొచ్చి మొదలుపెట్టేది. "టీచర్, మా ఆవు ఈనింది. దూడకు నుదుట్న తెల్ల సుక్క ఉండాది. మా నాయన టమోటాలు ఏసుకోని మదనపల్లికి పోయుండాడు, ఇంగా రాలేదు." గుక్క తిప్పుకోకుండా ఊరి సమాచారమంతా అప్పగించేది. ఆ పిల్ల అందుకుంటే మిగతా పదమూడు మందీ అందుకునేవాళ్ళు. తరగతి సంతను తలపించేది. ఆ గోలలోనే పాఠం అందరి బుర్రల్లోకీ ఎక్కేది కానీ, ఆ సంగతి అప్పట్లో మునీశ్వరికి తట్టలేదు. పిల్లల భాష ఎప్పుడు బాగుపడుతుందా అని ఒకటే దిగులు పడేది.

ఆగస్టులో తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. వెనక కుర్చీ వేయించుకుని కూర్చుని, వాన ఎలా పడుతుందో ఎవరైనా చెప్పండన్నాడు. భవ్య లేచి నిలబడింది.

"ఎండకు సెరువులో నీళ్ళు ఆవిరై పైకి పోతాండాయి సార్. ఆడ సల్లంగా ఉండాది గదా, అన్నీ ఒగటై మబ్బు అయితాది. బరువు మొయ్యలేక ఈడ కురస్తాది."

ఆ పాఠాన్ని అంత బాగా పుస్తకం కూడా చెప్పలేదు. ఆ పిల్లను దగ్గరకు తీసుకోవలసిన టీచరు, అధికారి ముందు తన పరువు పోయిందనుకుంది. వెంటనే పెదవి విరిచి, గొంతు సాగదీసి, "పోతాండాయా? ఉండాదా? యాడ ఉండాదమ్మా?" అని వెక్కిరించింది. తరగతి గొల్లుమంది. అధికారి కూడా నవ్వాడు. భవ్య కూర్చుంది. మరి లేవలేదు.

తరగతి ఎంత క్రమశిక్షణగా ఉందో అని అధికారి మెచ్చుకుని వెళ్ళాడు. ఉండదూ మరి! భవ్యకు జరిగింది చూశాక మిగతావాళ్ళూ నోళ్ళు కట్టేసుకున్నారు. ప్రశ్న వేస్తే పుస్తకంలో వాక్యం అప్పజెప్పేవాళ్ళు. అది గుర్తు రాకపోతే తల దించుకునేవాళ్ళు. ఆ తరవాతి పరీక్షల్లో మార్కులు కూడా తగ్గాయి. మొదట్లో ఆ నిశ్శబ్దం మునీశ్వరికి హాయిగానే ఉండింది. తరవాత్తరవాత భయం వేసింది.

ఆ వెక్కిరింత ఆమె సొంతం కూడా కాదు. మునీశ్వరిది కుప్పం పక్కన గుడుపల్లె. టీచరు ట్రైనింగుకు మదనపల్లె వెళ్ళినప్పుడు, మొదటి పాఠం చెబుతూ "బోర్డు సూడండి" అంది. వెనక కూర్చున్న లెక్చరరు, "ముందు సూడటం మాని చూడటం నేర్చుకోమ్మా" అన్నాడు అదే సాగదీసిన గొంతుతో. హాలంతా నవ్వింది. ఆ రాత్రి నుంచి హాస్టల్ అద్దం ముందు నిలబడి చూడండి, చెప్పండి, చల్లగా అని నాలుక తిరిగేదాకా సాధన చేసింది. ఏడ్చుకుంటూనే నేర్చుకుంది. పదిహేనేళ్ళ తరవాత అదే గొంతు తన నోట్లోంచి ఊడిపడుతుందని కలలో కూడా అనుకోలేదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం, పిల్లలు అన్నాలు తింటుండగా గుడుపల్లె నుంచి అమ్మ ఫోన్ చేసింది. మునీశ్వరి కొళాయి దగ్గరికి నడిచింది. అమ్మతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ అలాగే పక్కకు పోయేది.

"బువ్వ తింటివామ్మా? నేనా, బడికాడే ఉండాను. యాల అట్ల దగ్గుతాండావు? ఆస్పత్రికి పోతివా, లేదా?"

ఫోన్ పెట్టి తిరిగితే వెనకాల భవ్య, చేతిలో కడగాల్సిన కంచం. తన వస్తువు ఇంకొకరి సంచిలో కనబడినట్టు కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. మునీశ్వరి ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయేలోపు ఆ పిల్ల కంచమైనా కడుక్కోకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు యాప్‌లో హాజరు వేయడానికి ఫోన్ తీసి, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

"నాదీ మీ మాటే పిల్లలూ. మా ఇంట్లో మేమూ ఉండాది అనే అంటాము. ఆ రోజు భవ్య వాన గురించి శానా బాగా సెప్పింది. నేనే తప్పు సేసినాను" అంది. "ఇంక మీదట ప్రెజెంట్ అనొద్దు. ఉండా అనండి, సాలు."

పిల్లలు ముఖముఖాలు చూసుకున్నారు. లోకేష్ అనే పిల్లాడు మొదట ధైర్యం చేసి "ఉండా టీచర్!" అని అరిచాడు. తరవాత శాలిని. ఇక ఒకరిని మించి ఒకరు. వారం తిరక్కుండా సంత మళ్ళీ కూడింది. ప్రశ్నలు, వాదనలు, దూడల కబుర్లు. జయరత్నం సారు పక్క గదిలోంచి వచ్చి, "ఏంది మునీశ్వరీ, నీ పిల్లోళ్ళకు ఏం పెడతాండావు?" అని నవ్వాడు.

భవ్య మాత్రం చెయ్యెత్తేది. ఒకసారి దగ్గర కూర్చోబెట్టుకుని, "నా మీద కోపమా తల్లీ?" అని అడిగితే లేదన్నట్టు తలాడించింది. అరిచినా బాగుండేది. ఏడ్చినా బాగుండేది.

వేసవి సెలవుల్లో గుడుపల్లె వీధిలో ఎవరో ఆడపిల్ల "యాడికే పోతాండావు?" అని కేక వేస్తే, అన్నం ముందు నుంచి లేచి వాకిట్లోకి వచ్చింది మునీశ్వరి. అక్కడ భవ్య ఎందుకుంటుంది? తెలిసీ వచ్చింది.

జూన్‌లో బడి తెరిచిన రెండో రోజు, టీసీ కోసం భవ్య నాయన రమణ కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. భవ్యకు మదనపల్లెలో హాస్టల్ బడిలో ఆరో తరగతి సీటు వచ్చింది.

"బడిలో నోరిప్పదని మీరు అంటారు గానీ టీచరమ్మా, ఇంట్లో వాగి సంపుతాది. మాకు సెవులు సిల్లులు పడతాండాయి" అంటూ రమణ సంతకం చేసి, బండి తియ్యడానికి బయటికి నడిచాడు.

భవ్య ఆగింది. టీచరు ముందుకు వచ్చి నిలబడి చేతులు కట్టుకుంది.

"నేను వెళ్ళి వస్తాను టీచర్. మీరు చెప్పిన పాఠాలన్నీ నాకు గుర్తున్నాయి. చాలా ధన్యవాదాలు."

ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఎక్కడ ఒత్తాలో అక్కడ ఒత్తింది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. ఆ గొంతు మునీశ్వరికి బాగా తెలుసు. మదనపల్లె హాస్టల్ అద్దంలోది. ఈ పిల్ల ఏ అద్దం ముందు నిలబడిందో, ఎన్నాళ్ళు నిలబడిందో! అట్ల కాదు తల్లీ, నీ మాటలో సెప్పు, ఒక్కసారి సెప్పు అని ప్రాణం కొట్టుకుంది. తల నిమిరి పంపింది.

గేటు అవతల బండి చప్పుడు. అంతలోనే ఒక కేక.

"నాయనా, నిలబడు! నా సంచి గేటుకాడే ఉండాది, తీసుకోని వస్తాండా!"

అదే గొంతు. పది నెలలుగా చెవులు రిక్కించింది ఆ గొంతు కోసమే. మునీశ్వరి వరండాలోకి పరుగెత్తింది. ఆమె వచ్చేసరికి బండి మలుపు తిరిగింది. రోడ్డు మీద దుమ్ము తప్ప ఇంకేమీ కనబడలేదు.

లోపలికి వచ్చి హాజరు మొదలుపెట్టింది. కొత్త ఐదో తరగతి. "ఉండా టీచర్, ఉండా టీచర్" అని పిల్లలు ఉత్సాహంగా పలుకుతున్నారు. మధ్యలో, జాబితాలో లేని పేరు ఆమె నోటికి వచ్చేసింది.

"భవ్యా."

పిల్లలు వెనక్కీ ముందుకీ చూశారు. ముందు వరసలో చిన్నది ఒకతి లేచింది.

"ఆ యక్క ఈడ లేదు టీచర్. పోయుండాది."

"అవునమ్మా" అంది మునీశ్వరి. "పోయుండాది."