కొసరు చెంచా

నిడదవోలులో కిరాణా కొట్టు మాణిక్యాంబగారింట్లో పొద్దున్నే మొదటి పని మనవణ్ణి దూలం దగ్గర్నించి కిందికి లాగడం.

నాలుగు నెలల భానుతేజకి పొట్టలో గాలి చేరితే పైకి లేచిపోతాడు. తల్లి ప్రసన్నలక్ష్మికి టైఫాయిడ్ వచ్చి పాలు ఇంకిపోయాయి, ఇక డబ్బాపాలే గతి. మొదటి డబ్బాకి ఉయ్యాల మీద జానెడెత్తు లేచాడు. రెండోదానికి కిటికీ దాటాడు. మూడోదానికి దూలం తాకాడు. మొలతాడుకి పురికొస ముడేసి మంచంకోడుకి కట్టారు.

"ఇవాళ ఎందాకా వెళ్లాడమ్మా?" అనేది పక్కింటి రత్తమ్మ, కూరేం వండారని అడిగినట్టు.

కిందున్నంతసేపూ గుక్కపట్టి ఏడ్చేవాడు. పైకెళ్తే చాలు, పెంకుల వైపు చూసి ఎవరికో నవ్వేవాడు. అదీ ప్రసన్నలక్ష్మి భయం. వాడు నవ్విన చోట ఒక పెంకు జరిగి ఉండేది. మనిషిని పెట్టి సర్దిస్తే మర్నాటికి మళ్లీ జరిగేది, ఇంకాస్త వెడల్పుగా. బుధవారానికి పిల్లాడు పట్టేంత కన్నమైంది.

"గాలి చెయ్యని డబ్బా ఏదైనా ఇవ్వండి బుల్లియ్యగారూ! మూడు మార్చాను. నా బిడ్డ నాకు దక్కేలా లేడండి" అని ఎస్టీడీ బూత్ పక్క మందుల షాపులో బావురుమంది.

బుల్లియ్య తేలిగ్గా అరిగే డబ్బా ఒకటి తీసి, ఇవ్వబోతూ ఆగాడు. "పాలు కలిపేదెవరమ్మా?"

"మా అత్తయ్యగారండి."

"చెంచా అంచుకి సమంగా గీసి వేస్తున్నారా? పొడి ఎక్కువైతే ఏ డబ్బా అయినా ఒకటేనమ్మా."

ప్రసన్నలక్ష్మికి అత్తగారు పాలు కలిపే తీరు గుర్తొచ్చింది. గోపురంలా నిండిన చెంచాలు, ఆపైన ఇంకొకటి! రోజూ చూస్తూనే ఉంది, మనవడి మీద మురిపెమనుకుంది.

ఇంటికొచ్చేసరికి మాణిక్యాంబ ఆ పనిమీదే ఉంది.

"అదొద్దండీ అత్తయ్యగారూ!"

"ఏంటే, కొట్టుకొచ్చిన ప్రతివాడికీ గుప్పెడు కొసరేస్తాం. నా మనవడికి వెయ్యనా?"

"వెయ్యకండి. సీసా ఇటివ్వండి."

పెళ్లయ్యాక అత్తగారికి ఎదురుచెప్పడం అదే మొదలు. కొత్త డబ్బా తెరిచి, చెంచా నింపి, చాకు వెనకవైపుతో గీసి కలిపింది.

పిల్లాడు పూటకింత దిగుతూ వచ్చాడు. మూడోనాటి మధ్యాహ్నం తల్లి ఒళ్లోకి చేరి, గట్టిగా త్రేన్చి, ఇన్ని నెలల్లో మొదటిసారి ఆమె మొహంలోకి చూసి నవ్వాడు. అబ్బ, ఎంత బరువున్నాడో! ఆనందంతో ఆమెకి కన్నీళ్లు ఆగలేదు.

అప్పుడు కప్పుమీద, ఆ కన్నం పక్కన, ఎవరో ఆడమనిషి వెక్కివెక్కి ఏడ్చింది.

మాణిక్యాంబ వత్తులు చేస్తున్న చెయ్యి ఆపింది. ప్రసన్నలక్ష్మి తలెత్తలేదు. బిడ్డ చెవులు రెండూ అరచేతులతో మూసింది.