హనుమాన్లు పేరు చెప్పిన అగ్గిపెట్టె

పొద్దుగాల దుకాణం షట్టర్ లేపంగనే నాగవ్వ చేసే మొదటి పని అగ్గిపెట్టెల కట్ట విప్పుడు. ఒక్కొక్క పెట్టెను చెవికి ఆనించుకొని వింటది. ఏ పెట్టె ఏడ మండుతదో పుల్లలే ఆమెకు చెప్తయ్. ఆర్మూర్ల అందరికీ ఎరుకే. "నాగవ్వా, రేపు పసుపు ఉడకబెడుతున్నం, జర మంచిది చూసియ్యి" అంటరు. ఆమె ఇచ్చింది జేబుల ఏస్కొని పోతరు. బేరం చేస్తరు గని, పుల్లలు మాట్లాడుడేందని ఎవ్వరూ అడగరు.

గా దినం కరుణశ్రీ ఉరికొచ్చింది. కాళ్లకు చెప్పులు లేవు. డిగ్రీ అయిపోయి గ్రూప్స్‌కు చదువుకుంటున్న పిల్ల, ఎన్నడూ గొంతు లేపి మాట్లాడింది లేదు.

"అగ్గి కావాలె నాగవ్వా! వానల గూడ మండాలె. బాపు గోదావరిల చిక్కిండు!"

ఆమె బాపు హనుమాన్లు గొర్లు కాస్తడు. మందను తోలుకొని ముప్కాల్ దిక్కు నది నడుమ గడ్డ మీదికి పోయిండు. పైన ప్రాజెక్టు గేట్లు ఎత్తిండ్రు. సగం మంద కొట్టుకపోయింది. రాత్రంతా వానల తడిసి, తెల్లారినంక ఫోన్ చేసిండు. పండ్లు టకటక కొట్టుకుంటున్నయ్. "బువ్వ వద్దు బిడ్డా, అగ్గి పంపు. సలికి పానం పోతుంది." గంతే, ఫోన్ బందైంది.

నీళ్లు తగ్గేదాంక పడవ పోదన్నరు. మేనబావ అనుదీప్ తాన చేన్లకు మందు కొట్టే డ్రోన్ ఉంది. దాన్ని ట్రాలీ ఆటోల పెట్టుకొని బయట హారన్ మీద హారన్ కొడుతుండు.

"జల్ది కానియ్యి కరుణా! వాన జర తెరిపిచ్చింది. బ్యాటరీ ఒక్కపారికే వస్తది. ఒక్కటే పొట్లం. మా దోస్తు దుబాయ్‌కెళ్లి తెచ్చిన లైటర్ ఉంది, ఎంత గాలికీ ఆరది. ఇగో!"

కరుణశ్రీ లైటర్ అందుకున్నది. వానకు నానిన బొటనవేలు చక్రం మీద జారింది. మల్ల తిప్పింది. మల్ల జారింది. తన వేలే గిట్లుంటే, రాత్రంతా వానల తడిసిన బాపు వేలు ఎట్లుండాలె? లైటర్ పక్కకు పెట్టేసింది.

నాగవ్వ పెట్టెలు వింటనే ఉంది. "ఇది దోమల చుట్టది. ఇది చాయ్ బండిది. ఇది సగం బీడీలకే అయిపోతది, సగం తడిసి మురిగిపోతది."

"మా బాపు పేరు చెప్పేది ఒక్కటి గూడ లేదా?"

నాగవ్వ చెయ్యి ఆగింది. చెవి కాడున్న పెట్టెను మెల్లగ దించి తొడ కింద పెట్టుకున్నది.

"గదేంది?"

"అది వద్దు."

"ఏం చెప్పింది?"

"నీకు చెప్పేది కాదు, పో."

"ఆడ మనిషి సస్తుండు నాగవ్వా!"

నాగవ్వ తల వంచుకున్నది. "మీ బాపు పేరే చెప్పింది బిడ్డా. డప్పులు వినపడుతున్నయ్. నీ ఏడుపు వినపడుతుంది. కట్టెలు పేర్చి పెట్టిండ్రు. పుల్ల గీకేది నువ్వే."

బయట హారన్ ఆగిపోయింది. కరుణశ్రీ ఉప్పు బస్తా పట్టుకున్నది. బస్తా ఇడువకుండనే అడిగింది:

"ఒక్క గీకుకే అంటుకుంటదా?"

"గదేం మాట పిల్లా?"

"చెప్పు నాగవ్వా. అప్పుడు వాన ఉందా?"

"దంచుతుంది. అయినా ఒక్క గీకుకే అంటుకుంటది."

"అయితే ఇయ్యి."

"పిచ్చి లేసిందా నీకు?" అనుదీప్ లోపలికొచ్చిండు. "మామ చావును పొట్లం కట్టి పంపుతవా?"

నాగవ్వ పెట్టె ఇడువలే. "గిసొంటియి దాస్తనే ఉన్న నేను. మా ఆయనది బియ్యం డబ్బ అడుగుల పెట్టిన. ఎవరు తీసిండ్రో ఏమో, ఆయన కాష్టం కాడికే చేరింది."

"దాచినవ్. ఆయన చేతిల ఎందుకు పెట్టలే?"

నాగవ్వ చెయ్యి తొడ కింది పెట్టె మీదికి పోయింది.

"ఆ పుల్ల బాపే గీక్కుంటే, నేను గీకేటందుకు ఏం మిగులుతది?" కరుణశ్రీ చెయ్యి చాపింది. లెక్క తప్పితే బాపును తనే సావుకు పంపినట్టు.

నాగవ్వ లేసింది. పెట్టెను రెండు పాలితిన్ కవర్లల చుట్టింది. కర్పూరం, సైకిల్ ట్యూబు ముక్కలు, కొబ్బరి పీచు పెట్టి గట్టిగ ముడేసింది.

ఏటి ఒడ్డుకు పోయేసరికి మల్ల మబ్బు పట్టింది. డ్రోన్ గాలికి ఊగుకుంట పోయి, గడ్డ మీది తుమ్మచెట్లల్ల పొట్లం ఇడిసింది. తిరిగొస్తుంటే బ్యాటరీ అయిపోయి నీళ్లల్ల పడ్డది. అనుదీప్ దాని దిక్కు గూడ చూడలే. వాన దంచుడు మొదలైంది. గడ్డ కనపడకుండ పోయింది.

"దొరికిందంటవా బావా?"

"దొరుకుతది."

"దొరికినా, లేసి తీసుకునేటట్టున్నడో లేడో."

కరుణశ్రీ మోకాళ్లల్ల తల పెట్టుకున్నది. చేతులార పంపిన. చేతులార పంపిన. గదే మాట తిరుగుతుంది లోపల. ఒడ్డు మీదున్నోళ్లు ఒక్కొక్కరు గొడుగులు పట్టుకొని మర్లిపోతున్నరు.

"కరుణా! లే! చూడు!"

తుమ్మచెట్ల మీద నల్లటి పొగ. ట్యూబు కాలిన పొగ. దాని కింద, అంత వానల, ఎర్రగ మంట.

మంటను చూసి కరుణశ్రీకి ఇంకింత భయమైంది. కట్టెలు, మంట, వాన, తన ఏడుపు. అన్నీ నాగవ్వ చెప్పినయే. కండ్లు తుడుచుకుంట చెవి పెట్టి విన్నది. వాన చప్పుడు, నీళ్ల చప్పుడు. ఏడ గూడ డప్పు లేదు.

మంట పక్కన నల్లగ ఒకటి వంగింది. లేసింది. మల్ల వంగింది.

"ఏం చేస్తుండు బావా?"

"కట్టెలు ఏస్తుండు" అన్నడు అనుదీప్. "తన కట్టెలు తనే ఏస్కుంటుండు."