ముందు వరస నవ్వు

ఆ సాయంత్రం కూడా ఊర్మిళ పని నవ్వడమే. 2021 ఫిబ్రవరి. బెర్లిన్‌లో థియేటర్లు లేవు, బార్లు లేవు. ఆమె మొగుడు రవీంద్రనాథ్, లండన్ వాళ్లకు రవి నాథ్, వంటింట్లో లైటు బిగించుకుని జూమ్‌లో స్టాండప్ కామెడీ చేస్తున్నాడు. జూమ్‌లో అందరి మైకులూ మూసేస్తారు, ముందు వరస అని ఓ నలుగురివి తప్ప. వాళ్లు నవ్వితేనే నవ్వు వినిపిస్తుంది. ఊర్మిళ పడగ్గదిలో కెమెరా ఆపుకుని, ఎమ్మా అనే దొంగపేరుతో ఆ నలుగురిలో ఒకతెగా కూర్చునేది. ఏ జోకుకు ఎంతసేపు నవ్వాలో ముందే నేర్పిపెట్టేవాడు ఆ మహానుభావుడు.

అతగాడి కెరీర్ చెప్పడానికి పెద్ద ఊపిరి అక్కర్లేదు. పుట్టింది ఇంగ్లండులోని లెస్టర్‌లో. తెనాలి నుంచి వెళ్లి నర్సు ఉద్యోగంతో పెంచిన తల్లి ఇంగ్లిషును పబ్బుల్లో వెక్కిరించి మొదటి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆ పిచ్చితల్లి కూడా చప్పట్లు కొట్టింది. తర్వాత టీవీ. రెండు సీరియళ్లలో టాక్సీ డ్రైవరు, ఒకదాంట్లో రిపోర్టు చేతికిచ్చి వెళ్లిపోయే డాక్టరు, ఒక సినిమాలో పేర్లు పడేలోపే చచ్చే దొంగ. ఇంటర్వ్యూల్లో దీన్నంతా "నా ప్రయాణం" అనేవాడు. బెర్లిన్‌లో ఏదో సిరీస్‌లో ఇండియన్ ప్రోగ్రామర్ వేషం దొరికితే, అసలు ప్రోగ్రామర్లు ఎలా ఉంటారో చూద్దామని, అక్కడ ఆ ఉద్యోగమే చేస్తున్న ఊర్మిళను పరిచయం చేసుకున్నాడు. పెళ్లి దాకా వచ్చింది. కరోనాతో షూటింగు ఆగి వేషం పోయింది, పెళ్లాం మిగిలింది. అప్పట్నుంచి ఆమె ఇంట్లో, ఆమె కుర్చీలో కూర్చుని, ఆమె మీదే జోకులు రాస్తున్నాడు.

కిందటేడు మే నెలలో విజయవాడలో ఊర్మిళ నాన్న వాసుదేవరావు గుండె ఆగి పోయాడు. విమానాలు లేవు. కొడుకులు లేని మనిషి కాబట్టి మేనల్లుడు భాస్కర్ రావు కొరివి పెట్టాడు. లాక్‌డౌన్‌లో పోలీసులు తొందరపెడుతుంటే పంచె కూడా కట్టుకోకుండా చొక్కాతోనే కానిచ్చాడు. ఊర్మిళకు చూపిద్దామని వీడియో కాల్ పెట్టాడు కానీ, చేతులు ఖాళీ లేక ఫోను చొక్కా జేబులో వేసుకున్నాడు. కన్నతండ్రి దహనం మొత్తం ఊర్మిళకు నీలం గళ్ల గుడ్డలాగే కనిపించింది.

ఈ మాట ఆమె మొగుడికొక్కడికే చెప్పుకుంది. అతను ఆమె చెయ్యి పట్టుకుని, "ఊర్మీ, ఇది ఎవరికీ చెప్పకు. ప్రామిస్?" అన్నాడు. తన దుఃఖాన్ని కాపాడుతున్నాడనుకుని ఆమె కరిగిపోయింది. బయట నలుగురికీ తెలిస్తే జోకు పాతబడుతుందని ఆయనగారి భయమని ఆమెకు తట్టలేదు.

ఇప్పుడు లండన్ నుంచి ఒక టీవీ ప్రొడ్యూసరు చూస్తున్నాడు. నచ్చితే గంటసేపు షో ఇస్తాడట. మధ్యాహ్నం అతను జోకులు రాసుకున్న కాగితం మీద "జేబు" అన్న మాట కనబడి ఊర్మిళ అడిగింది.

"రవీ, మా నాన్న సంగతి దీంట్లో లేదు కదా?"

"లేదులే. డోంట్ వరీ."

తీరా సరిగ్గా దాంతోనే ముగింపుకొచ్చాడు. మామగారి అంత్యక్రియలట, మా ఆవిడకు ఫస్ట్ క్లాస్ సీటట, జేబులోనట. కళ్లు పెద్దవి చేసి, మెడ వంచి, జేబులోంచి గళ్ల గుడ్డను ఊర్మిళ చూస్తున్నట్టు అభినయించి ఆగాడు. ఎమ్మా నవ్వాల్సిన చోటది.

ఎమ్మా నవ్వలేదు. మిగతా ముగ్గురూ ఆమె మొదలుపెడుతుందేమోనని చూశారు. వంటింట్లో ఆయన నుదుటి మీద చెమట లైటుకు మెరిసింది.

ఊర్మిళ కెమెరా వేసింది. "ఆ భార్యను నేనే," అంది ఇంగ్లిషులో. "కనబడలేదు గానీ నాకన్నీ వినిపించాయి. పంతులు గోత్రం అడిగాడు. కంగారులో మా బావ తన గోత్రం చెప్పేశాడు. అంటే వేరే ఇంటి మనిషిగా పంపేస్తున్నారు మా నాన్నను. కౌండిన్యస, కౌండిన్యస అని నేను జేబులోంచి అరిచాను. ఫోను గోల చేస్తోందని బావ సౌండు తగ్గించేశాడు."

తర్వాత ప్రొడ్యూసరు మైకు తెరిచి, అద్భుతం, ఈ జంట ఆలోచన ఎవరిది, షో ఇద్దరితో చేద్దాం అన్నాడు.

రవీంద్రనాథ్ పరుగున పడగ్గదిలోకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. సిగ్గన్నది ఆ మొహానికి ఎప్పుడూ సరిపడలేదు.

"ఊర్మీ, సూపర్! ఆ గోత్రం పార్ట్ నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

"చెప్పాను. జేబు దగ్గరికి రాగానే నువ్వు రాసుకోవడానికి లేచి వెళ్లిపోయావు. నేను గోడకి చెప్పుకున్నాను."

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. "ఓకే, అది కూడా బాగుంటుంది. గోడకి చెప్పడం. పెడదామా?"

ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవడం కూడా దండగ అనిపించింది ఊర్మిళకి. హెడ్‌ఫోన్స్ తీసి మంచం మీద పెట్టింది.

"పెట్టుకో. రేపట్నుంచి వేరే ఇల్లు, అదే వోనుంగ్, వెతుక్కో. బెర్లిన్‌లో ఇల్లు దొరకదు కాబట్టి నీకు ఇంకో గంట షోకి సరిపడా సరుకు దొరుకుతుంది. దానికి మాత్రం నేను నవ్వను."