గిటారుకు పెట్టిన బొట్టు

మూడో బకెట్ నీళ్ళు కూలర్‌లో వంపుతూండగా వెనక నుంచి జశ్వంత్ గొంతు వినిపించింది.

"సుధా, ఆపు ఆపు. ఇవాళ్టి నుంచి ఈ గదిలో కూలర్ వెయ్యొద్దు."

సాయిసుధ బకెట్ అలాగే పట్టుకుని ఉండిపోయింది. జూన్ నెల. ఢిల్లీ ద్వారకలో ఆ ఆరో అంతస్తు ఫ్లాట్‌లో పొద్దున్న ఎనిమిదింటికే కిటికీ ఊచలు ముట్టుకుంటే చుర్రుమంటున్నాయి. ఏసీ పడగ్గదిలో ఒక్కటే ఉంది. ఈ చిన్న గదిలో కూలర్ పక్కన బల్ల వేసుకుని వారానికి మూడు రోజులు ఆమె ఇంటి నుంచే ప్రూఫులు దిద్దుతుంది. మిగతా రెండు రోజులూ సాకేత్‌లో ఉన్న పాఠ్యపుస్తకాల ఆఫీసుకు వెళ్తుంది.

"మరి నా పని ఎక్కడ చేసుకోవాలండీ?"

"హాల్లో ఫ్యానుందిగా. తడి గాలి నేరుగా తగిలితే చెక్క ఉబ్బిపోతుంది. భీమశంకరం గారు మరీ మరీ చెప్పారు."

చెక్క అంటే గిటారు. అది నిన్న సాయంత్రమే ఇంటికి వచ్చింది.

భీమశంకరం గారు రైల్వేలో రిటైరైన మనిషి. ఛత్తర్‌పూర్ దగ్గర ఒక రేకుల షెడ్డులో ఎలక్ట్రిక్ గిటార్లు చేత్తో తయారు చేస్తారు. ఏడాదికి ఎనిమిదో తొమ్మిదో, అంతే. ఎవరికి చేస్తున్నారో ఆ మనిషి చెయ్యి కొలవకుండా చెక్క మీద ఉలి పెట్టరట. జశ్వంత్ పద్నాలుగు నెలల పాటు నెలకు రెండు శనివారాలు అక్కడికి వెళ్ళివచ్చాడు. అరచెయ్యి ఎంత వెడల్పు, వేళ్ళెంత పొడవు, బొటనవేలు ఎక్కడ ఆనుతుంది, కూర్చుని వాయిస్తాడా నిలబడా, అన్నీ ఆయన ఒక పుస్తకంలో రాసుకున్నారట. ఆ కబుర్లన్నీ అన్నం తింటూ చెప్పేవాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే "ఊఁ" తప్ప ఇంకో మాట రాని మనిషి, తన బొటనవేలి గురించి పావుగంట మాట్లాడేవాడు. సుధ మజ్జిగ పోస్తూ వినేది.

గిటారును ఆయన స్వయంగా తెచ్చి ఇచ్చారు. పెట్టె తెరవగానే గదిలోకి పచ్చి నూనె వాసన వచ్చింది. పడగొట్టిన పాత ఇంటి పనస దూలం నుంచి కోసిన చెక్క. వార్నిషు లేదు, రంగు లేదు. తేనె రంగులో, నీళ్ళు కదిలినట్టున్న చారలతో పడుకుని ఉంది.

"పది రోజులు వాయించి చూడండి బాబూ. చెయ్యి ఎక్కడైనా నొప్పెడితే దాచుకోకండి. చెప్తే అక్కడ రవ్వంత చెక్కి ఇస్తాను" అన్నారు భీమశంకరం గారు. కాఫీ అందుకుంటూ సుధ వైపు చూసి, "మీరూ వాయిస్తారామ్మా?" అని అడిగారు.

జశ్వంత్ పకపకా నవ్వాడు. "తనా? తనకి ఆఫీసులో కామాలు, ఇంట్లో పోపులు. అంతే అంకుల్."

ఆయన నవ్వలేదు. సుధే నవ్వింది. అది ఆమెకు అలవాటు.

పెళ్ళయిన కొత్తలో అత్తగారు చెప్పిన మాట ఒకటి ఉంది. "మావాడిది మోటు చెయ్యమ్మాయ్. చిన్నప్పుడు పలక కొనిస్తే సాయంత్రానికి రెండు ముక్కలు. నువ్వే సర్దుకోవాలి. మనసు మాత్రం వెన్న." ఆ మాటను సుధ పసుపు తాడుతో పాటు మెళ్ళో వేసుకుంది. అతను తలుపు వేస్తే ఇల్లు అదిరేది. చేతిలోంచి ఫోను లాక్కుంటే గాజు చిట్లేది. దగ్గరికి తీసుకుంటే జుట్టు అతని మోచేతి కింద పడి మెడ వెనక్కి లాగేసేది, భుజాల మీద గోళ్ళు గీరుకుపోయేవి. మొదటి ఏడాదిలో ఒకసారి నోరు విడిచి చెప్పింది. "అబ్బా, ఏంటి సుధా, గాజుబొమ్మలాగా!" అని నవ్వేశాడు. మళ్ళీ చెప్పలేదు. పుల్కా గుండ్రంగా చెయ్యడం కొందరికి రాదు, ఈత కొందరికి రాదు. అలాగే ఇతనికి మెత్తదనం రాదు అనుకుంది. రానివాణ్ణి పట్టుకుని చెయ్యలేదేమని అడిగితే తప్పు తనదే అవుతుంది. నాలుగేళ్ళ కాపురాన్నీ ఆమె ఆ ఒక్క నమ్మకం మీద నిలబెట్టుకుంది.

గిటారు వచ్చిన మర్నాటి నుంచి ఆమె కళ్ళు అతని చేతుల్ని వదల్లేదు.

గురుగ్రామ్‌లో ఆఫీసు నుంచి రాగానే అతను సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాడు, మోచేతుల దాకా. తుడుచుకుని, ఆరేదాకా ఆగుతున్నాడు. పెట్టె మూత చప్పుడు కాకుండా తీస్తున్నాడు. మెడ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి పెట్టి, నిద్రపోతున్న పసిదాన్ని ఎత్తినట్టు ఎత్తుతున్నాడు. వాయించడం అయ్యాక మెత్తటి గుడ్డతో ఒక్కో తీగా తుడుస్తున్నాడు. ఆ గుడ్డను తన బట్టలతో కలపకుండా విడిగా ఉతకమని సుధకు చెప్పాడు. ఆమె విడిగానే ఉతికి, బాల్కనీలో నీడ పట్టున ఆరేసింది. ఇంకో ఆడదైతే పేరు పెట్టి తిట్టుకోవచ్చు, చీర బాగాలేదని అనుకోవచ్చు. చెక్కను ఏమని తిట్టాలి?

వైశాలికి ఫోన్ చేసింది. వైశాలి ఆమె పిన్ని కూతురు. జియా సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతోంది.

"అక్కా, అంటే నీ సవతి పనసచెక్కా?" పడీపడీ నవ్వింది వైశాలి.

"నవ్వకే. నాకు నిజంగా కుళ్ళుగా ఉంది."

"నా రూమ్మేట్ ఖాళీ చేసేసింది. మంచం ఖాళీగానే ఉంది. వచ్చెయ్, నాలుగు రోజులుండు."

"బాగానే ఉంది, ఆయనకి వంటెవరు చేస్తారే?"

"గిటార్‌ని చెయ్యమను."

శుక్రవారం మధ్యాహ్నం హాల్లో ఫ్యాను కింద ప్రూఫులు చెమటకు చేతికి అంటుకుంటూంటే, సుధ లేచి ఆ చిన్న గదిలోకి వెళ్ళింది. దాన్ని దగ్గరగా చూసి, ఇంతేనా అనుకుందామని వెళ్ళింది. పెట్టె తెరిచి ఒళ్ళోకి తీసుకుంది. అనుకున్నంత బరువు లేదు. పక్కటెముకలు ఆనే చోట చెక్కను లోపలికి తొలిచారు, నొక్కుకోకుండా. మోచెయ్యి పడే చోట అంచు దించారు. మెడ వెనక భాగం అరచేతిలోకి తనంత తానే వచ్చి కూర్చుంది. ఇది అతని చేతి కొలత, అయినా తన చేతికీ ఎక్కడా గుచ్చుకోలేదు. లావు తీగను బొటనవేలితో కదిపింది. కరెంటు పెట్టలేదు కాబట్టి చిన్న శబ్దమే వచ్చింది. కానీ అది చెవికంటే ముందు పొట్టకు తెలిసింది. చెక్క వణికి, ఆ వణుకు తనలోకి వచ్చి ఆగింది. మళ్ళీ కదిపింది. మళ్ళీ. కుక్కరు మూడు కూతలు వేసి ఊరుకున్నా లేవలేదు.

ఎవరో ఒక ముసలాయన పద్నాలుగు నెలలు కూర్చుని, ఒక మనిషి ఒంటికి ఎక్కడ నొప్పెడుతుందో అడిగి తెలుసుకుని చేసిన వస్తువు ఇది. అలా అడగవచ్చునని ఆమెకు ఇన్నాళ్ళూ తట్టలేదు. తిడదామని వచ్చినది కాస్తా దాని ప్రేమలో పడిపోయింది. పడ్డాక కుళ్ళు తగ్గలేదు సరికదా, రెట్టింపయింది. ఇంత బాగున్నదాన్ని అతను ప్రేమించడంలో తప్పేముంది?

ఇక సంధి చేసుకోవడమే మంచిదనిపించింది. తుని దగ్గర వాళ్ళ ఊళ్ళో కొత్త వస్తువు ఇంటికొస్తే బొట్టు పెట్టకుండా వాడరు. కుట్టుమిషనుకు పెట్టారు, మిక్సీకి పెట్టారు, నాన్న పొలానికి కొన్న మందు కొట్టే పంపుకు కూడా పెట్టారు. అప్పటితో అది ఇంట్లో మనిషైపోతుంది. పైగా శుక్రవారం. సుధ పసుపు తడిపి గిటారు మీద చిన్న గుండ్రం దిద్ది, మధ్యలో కుంకుమ పెట్టింది. చేత్తో ఒకసారి నిమిరి పెట్టె మూసింది.

ఏడింటికి జశ్వంత్ వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు, ఆరబెట్టుకున్నాడు, పెట్టె తెరిచాడు.

"సుధా! ఏంటిది?"

"బొట్టండీ. కొత్త వస్తువు కదా, శుక్రవారమని..."

అతను కళ్ళు మూసుకున్నాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. భీమశంకరం గారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు.

"నూనె పట్టించిన చెక్క కదా బాబూ, తడి రంగైతే పీల్చేసుకుంటుంది" అన్నారాయన. "నీళ్ళు మాత్రం తగలనివ్వకండి. దూదికి నూనె అద్ది, చార ఎటు పోతే అటే తుడవండి. గట్టిగా రుద్దకండి. ఓపిక పట్టండి."

అతను నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో తువ్వాలు పరిచి, గిటారును పడుకోబెట్టుకున్నాడు. దూదిని చిన్న చిన్న ఉండలు చేసుకున్నాడు. వంగి, ఊపిరి బిగబట్టి, వేలికొసతో తుడుస్తున్నాడు. మధ్యమధ్యలో గొణుగుతున్నాడు. "అయ్యో... అయిపోయింది తల్లీ, అయిపోయింది. ఇంకొంచెం." అలా రెండు గంటలు కూర్చున్నాడు. సుధ గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని నిలబడే ఉంది. తిట్లకు సిద్ధపడి వచ్చిన ఒళ్ళు ఇంకోదానికి సిద్ధంగా లేదు.

క్రితం ఏడు కుక్కరు ఆవిరి కొట్టి ముంజేయి కాలినప్పుడు అతను సోఫాలోంచే "చూసుకోవాలిగా" అన్నాడు. కాలింది కుడిచెయ్యి. ఎడంచేత్తో మందు రాసుకోవడం రాక, కొంచెం రాయమని గొట్టం అందించింది. "వద్దులే, నావి మోటు చేతులు. నేను రాస్తే మంటెక్కువవుద్ది" అన్నాడు. ఆ మాటకు ఆమె జాలి కూడా పడింది, పాపం తన చేతులంటే తనకే భయం అని.

వచ్చు. ఇతనికి వచ్చు. ఎంత బరువు వెయ్యాలో, ఎక్కడ ఆపాలో, ఎటువైపు తుడవాలో ఆ వేళ్ళకు తెలుసు. ఇవాళ నేర్చుకున్నవి కావు. మొదటినుంచీ తెలుసు.

టీ చల్లారిపోయింది. ఆశ్చర్యంగా ఆ క్షణం నుంచి గిటారు మీద కుళ్ళు పోయింది. ఆ స్థానంలో వచ్చినదానికి ఆమెకు పేరు తెలియలేదు. అది మాత్రం చాలా నిమ్మళంగా ఉంది.

మంగళవారం ఆఫీసులో మేనేజరు, టీ గది పక్కనే కూర్చునే మనిషిని దాటుకుని ఆమె బల్ల దాకా వచ్చాడు. "సుధా జీ, గెస్ట్ ఆయే హైఁ, చాయ్ బోల్ దీజియే. ముఝే యే ఇంటర్‌కామ్ చలానా నహీఁ ఆతా." అతిథులొచ్చారు, టీ చెప్పాలి, అతనికి ఇంటర్‌కామ్ వాడటం రాదట. ఎప్పటిలాగే లేవబోయి, సుధ అతని చేతిలో ఫోను వైపు చూసింది. బొటనవేలు దాని మీద చకచకా నాట్యం చేస్తోంది. "తొమ్మిది నొక్కండి సార్, అంతే" అంది హిందీలో, కూర్చునే.

ఆదివారం జశ్వంత్ ఆఫీసు స్నేహితులు నలుగురు గిటారు చూడ్డానికి వస్తామన్నారు. పొద్దున్నే అతను బాల్కనీలో కాగితం పరుచుకుని ఎడమచేతి గోళ్ళు తీసుకుంటున్నాడు. ఉల్లిపాయలు తరుగుతూ సుధ అడిగింది.

"ఎన్నాళ్ళకోసారి తీస్తున్నారండీ?"

"రెండు రోజులకి. లేకపోతే దాని మెడ మీద గీతలు పడిపోతాయి."

"నాకూ పడేవి."

"ఆఁ?"

"నాలుగేళ్ళ నుంచీ. నా ఒంటి మీద కూడా గీతలు పడేవి అంటున్నాను."

అతను తలెత్తి చూశాడు, అర్థం కానట్టు కాదు, ముచ్చటపడ్డట్టు. "దాంతో పోల్చుకుంటావేంటి సుధా! అది చాలా డెలికేటు." చిటికెనవేలి గోటిని ఉఫ్‌మని ఊది, కాగితం మడిచి ఆమెకు అందించాడు, పారెయ్యమని.

పదకొండింటికి వాళ్ళొచ్చారు. గిటారు చేతులు మారుతుంటే జశ్వంత్ పక్కనే అరచేతులు చాపుకుని నిలబడ్డాడు. రఘువీర్ దాన్ని వెలుతురుకు తిప్పి, "ఈ ఎర్ర మచ్చేంట్రా?" అన్నాడు.

"మా ఆవిడ పూజ చేసింది. ట్రాక్టరనుకుంది పాపం. నిమ్మకాయలు కట్టలేదు, సంతోషించాలి!"

గదంతా నవ్వులు. "వదినగారూ, నా బైకుక్కూడా ఓ బొట్టు పెట్టండి, మైలేజీ రావట్లేదు!" రఘువీర్ కేక వంటింట్లోకి వినిపించింది.

"సుధా, బజ్జీలు రానీ!" అన్నాడు జశ్వంత్.

సుధ మూకుడులో ఉన్న వాయి తీసి, పళ్ళెంలో సర్ది, పచ్చడి గిన్నె పక్కన పెట్టి తెచ్చి ఇచ్చింది. వంటింట్లోకి తిరిగి వెళ్ళి స్టవ్ కట్టేసింది. మిగిలిన పిండి మీద మూత పెట్టింది. చేతులు కడుక్కుంది, మోచేతుల దాకా. పడగ్గదిలోకి వెళ్ళి లాప్‌టాప్, ప్రూఫుల కట్ట, సర్టిఫికెట్ల ఫైలు, నాలుగు జతల బట్టలు సంచిలో పెట్టుకుంది. తొందరపడలేదు. వైశాలికి "మంచం ఎవరికీ ఇవ్వకు, వస్తున్నా" అని మెసేజి పెట్టింది.

హాల్లోంచి నడిచి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూంటే జశ్వంత్ చూశాడు. తీగ సవరిస్తూ, చెవి గిటారుకు ఆనించి ఉన్నాడు. సంచి అతని కంట పడలేదు.

"కిందకేనా? పెరుగు తెచ్చెయ్. రెండు పాకెట్లు. వీళ్ళు భోంచేసే వెళ్తారు."

సుధ రెండో చెప్పు పట్టీ సరిచేసుకుంది. సంచి భుజానికి ఎక్కించుకుని, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.