కుడితి తొట్టిలో నీళ్లు

పెళ్లయిన కొత్తలో నాకు ఏది చూసినా నవ్వొచ్చేది. మా ఆయన పెంచలకృష్ణ బండి వెనక కూర్చుని చిట్టమూరు నుంచి వస్తుంటే సముద్రపు గాలికి నా చున్నీ ఎగిరి ఆయన మొహాన్ని చుట్టుకున్నా నవ్వే. మా అత్త వెంకటశేషమ్మ గేదెతో మాట్లాడి, జవాబు కూడా తనే చెప్పుకున్నా నవ్వే.

ఆ ఏడు వానల్లేవు. గట్ల మీద పచ్చిక మాడిపోయింది. మిగిలింది వరిగడ్డి వామి ఒక్కటే. ఉత్త గడ్డి తిని చూడి గేదె ఎముకలు తేలి చిక్కిపోయింది. కళ్లముందు చావడం కన్నా అమ్మేయడం నయమని అత్త బేరగాడికి కబురుపెట్టింది.

“కొంచెం ఆగమ్మా,” అన్నాడు కృష్ణ. గడ్డి మీద యూరియా నీళ్లు చల్లి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు మాగబెడితే మంచి మేత అవుతుందని పశువుల డాక్టరు సుధాకర్ గారు చెప్పారట.

“పైరుకేసేది గొడ్డుకా? రేపు నాకూ సంకట్లో కలిపి పెడతావా అబ్బయా?”

“నీకింకా బలమొస్తే మేం తట్టుకోలేం అత్తా,” అన్నాను. అత్త నవ్వేసి, బేరగాణ్ణి తర్వాత రమ్మంది.

యూరియా కరిగించడానికి ఇంట్లో కుడితి తొట్టి కన్నా పెద్దది లేదు. కృష్ణ అందులోనే కలిపాడు. ఆయన చల్లుతుంటే నేను గడ్డి తొక్కుతూ గంతులేశాను. టార్పాలిన్‌ను గాలి లాగేస్తుంటే చెరో అంచు పట్టుకుని మట్టి కప్పుతున్నాం. అప్పుడే బయటినుంచి దాహంతో వచ్చిన గేదె, రోజూ వెళ్లినట్టే తొట్టి దగ్గరికి వెళ్లి, అడుగున మిగిలిన నీళ్లు తాగేసింది.

కాసేపటికే ఒళ్లు వణికింది. నోట్లోంచి నురగ. పొట్ట ఉబ్బి, కాళ్లు తడబడి కూలబడింది.

“ఏం తాపినార్రా దానికి?” అత్త అరిచింది.

నేను ఫోన్ చేశాను. “చల్లటి నీళ్లలో వెనిగర్ కలిపి పట్టండి, గొంతులో పొరపోకుండా మెల్లగా. నేను బయల్దేరినా,” అన్నారు సుధాకర్ గారు. కృష్ణ బండెక్కి బస్టాండు దగ్గర నూడుల్స్ అమ్మే మాథ్యూ అన్న దగ్గరున్న వెనిగర్ సీసాలన్నీ పట్టుకొచ్చాడు. అత్త తల పట్టుకుంది, నేను పోశాను. సగం నా మీదే పడింది.

డాక్టరు గారు వచ్చి సూదేశారు. చీకటి పడే వేళకు గేదె లేచి నిలబడింది. కడుపులో దూడ సంగతి ఇప్పుడే చెప్పలేనన్నారు.

మూడు వారాలూ అత్త మాతో సరిగా మాట్లాడలేదు. టార్పాలిన్ తీసిన రోజు ఘాటుకు కళ్లు మండాయి. గడ్డి పసుపురంగుకి మారి మెత్తబడింది. వాసన పోయేదాకా ఆరబెట్టాం. తీరా పెట్టేటప్పుడు కృష్ణకు చెయ్యి రాలేదు.

“బేరగాణ్ణి పిలుద్దామా?” అన్నాడు, నేల చూస్తూ.

అత్త పిడికెడు గడ్డి తీసుకుని తనే గేదె మూతి దగ్గర పెట్టింది. అది వాసన చూసి, అందుకుంది.

“ఇంక చాలు. ఇది అరగనీ, నెమరేస్తేనే నమ్మకం,” అంది అత్త. కొట్టంలోనే కూర్చుంది. అన్నానికి పిలిచినా రాలేదు. మేమూ వెళ్లి పక్కన కూర్చున్నాం. గేదె పడుకుని కళ్లు మూసింది. నెమరేస్తుందేమోనని ముగ్గురం దాని దవడనే చూస్తున్నాం.